షుగర్ మెషిన్‌తో బోరు నీళ్లు పరీక్షించొచ్చా?

ప్రశ్న: మా అమ్మగారికి షుగర్. మొన్న గ్లూకోమీటర్‌తో వెంటవెంటనే రెండు వేళ్లకి చూస్తే ఒకదానికి 142, ఇంకోదానికి 157 వచ్చింది. ఏది నమ్మాలి? ఇంకో సంగతి. మా బోరు నీళ్లలో సీసం ఉందేమోనని భయం. చుక్క రక్తంతో షుగర్ చెప్పేసే మెషిన్ ఉన్నప్పుడు, నీళ్లకి కూడా అలాంటి స్ట్రిప్పు ఉండదా?
– ఓ పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: రెండూ నమ్మొచ్చండీ. ఐఎస్ఓ ప్రమాణం ప్రకారం షుగర్ 100 దాటాక ల్యాబ్ లెక్కకి 15 శాతం అటూ ఇటూ అయినా మీటరు పాసే, అంటే అసలు 150 ఉంటే 130 చూపినా 170 చూపినా తప్పు పట్టలేం. జాగ్రత్త పడాల్సింది చేతుల దగ్గర. మామిడిపండు కోసి చెయ్యి కడుక్కోకుండా వేలు గుచ్చితే వేలికంటిన చక్కెర కూడా రక్తంలో కలిసి అంకె పెరిగిపోతుంది. ఇంకోటి స్ట్రిప్పుల డబ్బా. మన వైజాగ్ ఉక్కపోతలో దాని మూత తీసి వంటగట్టు మీద వదిలేస్తే తేమకి స్ట్రిప్పులోని ఎంజైము దెబ్బతింటుంది.

అసలు పనంతా ఆ ఎంజైముదే. ఉల్లిపాయ ఒలుస్తుంటే నల్లటి మసిలా బూజు కనబడుతుంది చూడండి, ఆస్పర్‌జిల్లస్ నైగర్, చాలా స్ట్రిప్పుల్లో వాడే గ్లూకోజ్ ఆక్సిడేజ్ ఆ బూజు నుంచి తీసేదే. రక్తంలో ఎన్ని పదార్థాలున్నా అది గ్లూకోజ్‌నే పట్టుకుని ఎలక్ట్రాన్లు లాగుతుంది, పక్కనున్న మరో రసాయనం వాటిని మోసుకెళ్లి కార్బన్ పూత (ఎలక్ట్రోడు) మీద దింపుతుంది, మీటరు ఆ కాస్త కరెంటుని కొలుస్తుంది. అంతే, మీటరుకి షుగర్ అంటే ఏంటో తెలీదు. ఎంజైముని ఎలక్ట్రోడుకి జతచెయ్యొచ్చని అమెరికాలో లేలాండ్ క్లార్క్, లయన్స్ 1962లోనే చెప్పారు, పెన్నులా ఉండే ఇంటి మీటరు రావడానికి మాత్రం 1987 దాకా పట్టింది.

కాబట్టి అదే స్ట్రిప్పు మీద బోరు నీళ్లు పోస్తే ఏమీ తేలదు. పైగా మోతాదు చూడండి. రక్తంలో షుగర్ 100 అంటే లీటరుకి ఒక గ్రాము. తాగునీటిలో సీసానికి మన బీఐఎస్ పరిమితి లీటరుకి 0.01 మిల్లీగ్రాము, అంటే అందులో లక్షో వంతు! అంత తక్కువని పట్టుకోవడానికి ఒక ఉపాయం ఉంది. ఎలక్ట్రోడుకి రుణ వోల్టేజీ ఇచ్చి కాసేపు ఉంచితే నీళ్లలోని సీసం వచ్చి దాని మీద పేరుకుంటుంది, తర్వాత వోల్టేజీని మెల్లగా ధనం వైపు జరిపితే సీసం తనకంటూ ఉన్న ఒక వోల్టేజీ దగ్గర మళ్లీ కరిగిపోతూ కరెంటు ఒక్కసారిగా లేస్తుంది. ఆ లేచిన ఎత్తే లెక్క. ఇందులో ఎంజైము లాంటి జీవ పదార్థమేదీ లేదు గనుక దీన్ని బయోసెన్సర్ (జీవ పదార్థంతో కొలిచే పరికరం) అనకూడదు గానీ, స్ట్రిప్పుల మీద కూడా చేసే పనే.

నిజమైన బయోసెన్సర్ కావాలంటే పురుగుమందుల్ని పట్టేవి ఉన్నాయి, అవి పనిచేసేది తిరగేసి. ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైముని క్లోర్‌పైరిఫాస్ లాంటి మందు పనిచెయ్యనివ్వదు, దాంతో కరెంటు పడిపోతుంది. ఎంత పడితే అంత మందు ఉన్నట్టు. అయితే ఏ మందో పేరు చెప్పలేదు, అదే దాని లోటు.

మీ బోరుకైతే నా సలహా ల్యాబే. రెండు సీసాలు ఇవ్వండి: పొద్దున్నే కుళాయి తిప్పగానే వచ్చినవి ఒకదాంట్లో, కాసేపు వదిలాక పట్టినవి ఇంకోదాంట్లో. మొదటి దాంట్లోనే సీసం ఎక్కువుంటే అనుమానించాల్సింది బోరుని కాదు, ఇంట్లోని పైపుల్ని, ఇత్తడి కుళాయిల్ని.