పంటల శాస్త్రంలో పై చదువు ఏ ఉద్యోగాలకు దారి తీస్తుంది?

ప్రశ్న: నేను వ్యవసాయ డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. పంటలకు సంబంధించిన విభాగంలో ఎమ్మెస్సీ, వీలైతే పీహెచ్‌డీ చేయాలని ఉంది. ఇంత చదివినా చివరికి పాఠాలు చెప్పుకోవలసిందే కదా అని ఇంట్లోవాళ్లు అంటున్నారు. ఈ చదువుకు వేరే ఉద్యోగాలు ఉన్నాయా? ఏ విభాగం ఎంచుకోమంటారు?
– ఒక విద్యార్థిని

జవాబు: పాఠాలు చెప్పడం ఈ చదువుకున్న దారుల్లో ఒకటి మాత్రమే, అదీ అంత తేలిగ్గా దొరికేది కాదు. మొక్కల ప్రజననం చదివినవారు విత్తన సంస్థల్లో కొత్త వంగడాల రూపకల్పనకు, తెగుళ్ల శాస్త్రం, కీటక శాస్త్రం చదివినవారు సస్యరక్షణ సంస్థలకు, విదేశాల నుంచి వచ్చే మొక్కలను, విత్తనాలను తనిఖీ చేసే క్వారంటైన్ కేంద్రాలకు, సేద్యశాస్త్రం చదివినవారు సాగు సలహా సేవలకు, నీటి యాజమాన్య పథకాలకు వెళ్తుంటారు. విత్తన పరీక్ష, ధ్రువీకరణ, కొత్త పురుగుమందుల అనుమతి కోసం సమర్పించే క్షేత్ర ప్రయోగ నివేదికల తయారీ వంటివి బయటివారికి అంతగా తెలియని ఉద్యోగాలు.

అయితే విభాగం పేరు కన్నా, థీసిస్ కోసం మీరు తీసుకునే సమస్యే మీ భవిష్యత్తును ఎక్కువగా నిర్ణయిస్తుందని నా అభిప్రాయం. ఉదాహరణకు, వరి పైరు పూర్తిగా నీట మునిగితే సాధారణ రకాలు ఎక్కువ రోజులు బతకవు. ఒడిశాకు చెందిన ఎఫ్‌ఆర్13ఎ అనే పాత రకం మాత్రం రెండు వారాల దాకా తట్టుకుంటుంది. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ మెకిల్ దగ్గర పరిశోధక విద్యార్థిగా ఉన్న కెనాంగ్ షూ, ఆ గుణానికి మూలమైన ప్రధాన స్థానం తొమ్మిదో క్రోమోజోముపై ఉందని గురువుతో కలిసి 1996లో ప్రచురించారు. అక్కడున్న సబ్1ఎ జన్యువును పమేలా రోనాల్డ్ తదితరులతో కలిసి వారు 2006లో గుర్తించారు. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఆ గుణాన్ని మార్కర్ల (జన్యువు ఉనికిని పట్టిచ్చే డీఎన్‌ఏ గుర్తుల) సాయంతో స్వర్ణ రకంలోకి చేర్చగా, స్వర్ణ-సబ్1 2009లో భారతదేశంలో విడుదలైంది. జన్యువు జాడ తీయడం, సంకరం చేయడం, పొలాల్లో పరీక్షించడం, విత్తనం పెంచి అందించడం – ఈ ఒక్క పనిలోనే ఇన్ని ఉద్యోగాలున్నాయి. వీటిలో ఏ పని రోజంతా చేసినా మీకు విసుగు రాదో చూసుకుని, దానికి తగిన విభాగం ఎంచుకోండి.

ఏ విభాగంలో చేరినా గణాంక శాస్త్రాన్ని మాత్రం పక్కన పెట్టకండి. విద్యార్థులు తప్పించుకోవాలని చూసే పేపర్లలో ఇదొకటి, ఇంటర్వ్యూల్లో తరచూ అడిగేదీ ఇదే. 1919లో ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చేరిన గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ రూపొందించిన పద్ధతుల మీదే నేటికీ క్షేత్ర ప్రయోగాలు నడుస్తున్నాయి. ఏ మడిలో ఏ రకం వేయాలో యాదృచ్ఛికంగా నిర్ణయించడం, ఒక్కో రకాన్ని పలు మళ్లలో వేయడం తెలియకపోతే, దిగుబడిలో కనిపించే తేడా రకానిదో నేలదో చెప్పలేరు.

ఇక పీహెచ్‌డీ మాట. ప్రజనన కార్యక్రమానికి నాయకత్వం వహించాలన్నా, స్వతంత్రంగా పరిశోధన చేయాలన్నా సాధారణంగా అది తప్పనిసరి. ప్రయోగ క్షేత్రాల నిర్వహణకు, విత్తనోత్పత్తికి, నాణ్యత పరీక్షలకు చాలాచోట్ల ఎమ్మెస్సీ సరిపోతుంది. కాబట్టి ఎమ్మెస్సీ తరువాత కొంతకాలం ఉద్యోగం చేసి, ఆ పనికి నిజంగా పీహెచ్‌డీ కావాలనిపిస్తే అప్పుడు చేరమని నా సలహా. పైరు మీద చేసే ప్రయోగం ఒక సీజన్లో దెబ్బతింటే మళ్లీ అదే సీజన్ వచ్చేదాకా ఆగవలసి వస్తుంది కనుక, చదువు అనుకున్న గడువు దాటవచ్చని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

ప్రశ్న: నాది వృక్షశాస్త్రం డిగ్రీ, వ్యవసాయం కాదు. ఈ రంగంలోకి రావచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: రావచ్చు. అర్హత నిబంధనలు ఒక్కో విశ్వవిద్యాలయంలో ఒక్కోలా ఉంటాయి కాబట్టి దరఖాస్తుకు ముందే వాటిని చదవండి. జన్యుశాస్త్రం, మొక్కల శరీరధర్మ శాస్త్రం మీకు ఇప్పటికే తెలిసినవి, కొరవడేది పొలం అనుభవం. ఏదైనా పరిశోధన క్షేత్రంలో నాటిన నాటి నుంచి కోత దాకా ఒక పంట కాలం సహాయకుడిగా పనిచేయండి. గైడ్‌ను ఎంచుకునేముందు ఆయన పాత విద్యార్థులు ఇప్పుడు ఎక్కడెక్కడ పనిచేస్తున్నారో కనుక్కుని, వీలైతే వారిలో ఒకరిద్దరితో స్వయంగా మాట్లాడండి.