కాలు విరిగిన కుక్కకు గంజాయి ఇవ్వొచ్చా? మా ఇంట్లో ఏం జరిగిందంటే

"బండి గుద్ది మా కుక్కకు కాలు విరిగింది, రాత్రంతా ఏడుస్తోంది, గంజాయి గానీ గంజాయి నూనె గానీ ఇస్తే నొప్పి తగ్గుతుందా" అని అడిగారు. ఇవ్వొద్దండి. ఎందుకు ఇవ్వకూడదో పుస్తకంలో చదివి చెప్పడం లేదు, మా ఇంట్లో చూశాను.

మాది తిరుపతి, కొర్లగుంట. మా కరియ నాటు కుక్క, పదిహేను కిలోలు ఉంటాడేమో. ఒక రాత్రి ఎవరో గేటు తీసి పెడితే రోడ్డు మీదికి పోయాడు. యాత్రికులను దించి ఖాళీగా వస్తున్న ఆటో వెనక కాలు మీదుగా పోయింది. ఆటో ఆగలేదు. పొద్దుపోయాక మా ఊరి ఆటోలకు హారన్ తప్ప బ్రేకు ఉండదు, దాని గురించి రాస్తే ఇంకో పేజీ అవుతుంది.

తెలిసిన పశువుల డాక్టర్లందరికీ ఫోన్ చేశాం. ఎవరూ ఎత్తలేదు. అర్ధరాత్రి దాటాక కూడా ఇడ్లీ దొరుకుతుంది, పూలదండ దొరుకుతుంది, గుండు గీసేవాళ్లు దొరుకుతారు మా ఊళ్లో. కుక్కకు నొప్పి సూది వేసే మనిషి మాత్రం తెల్లారేదాకా దొరకలేదు. వాడి ఏడుపు విని పక్కింటివాళ్లు లైటు వేశారు.

అప్పుడు మా బామ్మర్ది, "నేను చూసుకుంటా, నువ్వు గమ్మునుండు బావా" అని బండేసుకుని పోయాడు. ఏ సందులో ఎవరి దగ్గర తెచ్చాడో తెలియదు. మాకెవరికీ చెప్పకుండా పెరుగన్నంలో కలిపి పెట్టేశాడు. కాసేపటికి ఏడుపు ఆగిపోయింది. దేవుడు చల్లగా చూశాడనుకుని అందరం పడుకున్నాం.

తెల్లారి చూస్తే కరియ లేచి నిలబడి ఉన్నాడు, విరిగిన కాలు కూడా కింద ఆనించి! ముందుకూ వెనక్కూ ఊగుతున్నాడు, పడుతున్నాడు, మళ్లీ లేస్తున్నాడు. చెయ్యి చాపితే కొట్టబోయినట్టు ఉలిక్కిపడుతున్నాడు. నిలబడిన చోటే ఉచ్చ కారిపోతోంది, ఆ సంగతి వాడికే తెలియడం లేదు. రాత్రి వాపు మాత్రమే ఉన్న చోట ఇప్పుడు విరిగిన ఎముక చర్మాన్ని లోపలి నుంచి పైకి తోస్తోంది. నొప్పి తెలిసిన కుక్క కాలు ఎత్తిపెట్టుకుని మూలన పడి ఉంటుంది. వీడు మత్తులో రాత్రంతా ఆ కాలు మీదే పడుతూ లేస్తూ ఉన్నాడన్నమాట.

వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకుపోయాం. 1955 నుంచి ఉన్న కాలేజీ అది, 2005లో దానికి యూనివర్సిటీ వచ్చింది. ఈ చుట్టుపక్కల వాళ్లకు అది ఎంత అండో దూరం ఊళ్ల వాళ్లను అడిగితే తెలుస్తుంది. అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ కళ్లలో టార్చి వేసి చూసింది. ఒంటి వేడి తగ్గింది, గుండె నెమ్మదిగా కొట్టుకుంటోంది అంది. కాలు సంగతి పక్కనపెట్టి, "తలకేమైనా దెబ్బ తగిలిందా? వెన్నెముక మీదుగా పోయిందా బండి?" అని అడగడం మొదలుపెట్టింది. ఆమె తప్పేముంది? ఆటో గుద్దిన కుక్క ఊగుతూ, ఉచ్చ ఆపుకోలేకుండా వస్తే ఎవరైనా మొదట తలకాయనే అనుమానిస్తారు. తలకూ వెన్నుకూ ఏయే పరీక్షలు చేయాలో చెబుతుంటే మా ఆవిడ ఏడుపు మొదలుపెట్టింది.

"ఏమైనా తినిందా సార్ రాత్రి?" అని అడిగింది డాక్టరమ్మ. బామ్మర్ది నేల చూస్తున్నాడు. మళ్లీ అడిగింది. అప్పుడు మా ఆవిడ వాళ్ల అవ్వ, ఇంట్లో ఉండమంటే ఉండకుండా వెంట వచ్చిన ముసలావిడ, మేకలతో, దూడలతో వరుసలో నిలబడినవాళ్లందరికీ వినిపించేలా, "ఈడు పెరుగన్నంలో గంజాయి పెట్నాడమ్మా, నేను చూస్తాండగానే" అనింది. చూసినదానివి రాత్రే ఎందుకు చెప్పలేదంటే, వాళ్ల నాయన ఎద్దులకు పెట్టేవాడట, మంచిదే అనుకుందట. ఎద్దు ఎక్కడ, పదిహేను కిలోల కుక్క ఎక్కడ!

డాక్టరమ్మ పోలీసులను పిలవలేదు. కేసు షీటులో రాసుకుంది, అంతే. దానికి విరుగుడు మందు లేదంది. సెలైన్ పెట్టి, దుప్పటి కప్పి, వెలుతురూ చప్పుడూ లేని మూలన పడుకోబెట్టించింది. అప్పుడే తిని ఉంటే వాంతి చేయించేవాళ్లట, ఆ సమయం దాటిపోయింది. ఆ మత్తు దిగేదాకా ఆపరేషన్ మత్తు ఇవ్వలేమంది. అంటే నొప్పి తగ్గించాలని పెట్టిన గంజాయి వల్ల ఎముక సరిచేయడం ఆలస్యమైంది. తర్వాత ప్లేటు వేశారు. ఇప్పుడు కొంచెం కుంటుతూ పిల్లుల వెంట పడుతున్నాడు.

బామ్మర్ది ఇప్పటికీ, "ఏమన్నా అను బావా, ఆ రాత్రి అయితే నిద్రపోయినాడు కదా" అంటాడు. నా కోపమంతా ఆ మాట మీదే. నిద్రపోయింది మనం. కుక్క గొంతు ఆగితే మన టెన్షన్ తగ్గుతుంది, పక్కింటివాళ్లు లైటు ఆర్పుతారు. విరిగిన ఎముక విరిగినట్టే ఉంటుంది. కుక్కల చిన్నమెదడులో ఈ మందు పట్టుకునే చోట్లు మనకంటే చాలా ఎక్కువట. అందుకే మనిషికి హాయి అనిపించేది వాటికి కాళ్లూ చేతులూ ఆడని భయంగా మారుతుంది. నవ్వుతూ వీడియోలు తీసి పెట్టేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది నాకు.

అమెరికాలో ఇస్తున్నారు కదా అంటారా? అక్కడ ఇచ్చేది గంజాయి మొక్కలోనే ఉండే, మత్తు ఎక్కించని సీబీడీ. మత్తు ఎక్కించే టీహెచ్‌సీ కాదు. 2018లో కార్నెల్ యూనివర్సిటీ వాళ్లు కీళ్లు అరిగిన కుక్కలకు ఒంటి బరువు కిలోకు 2 మిల్లీగ్రాముల సీబీడీ చొప్పున రోజుకు రెండుసార్లు ఇచ్చి చూశారు. నొప్పి తగ్గింది, నిజమే. లివర్ పరీక్షలో ఒక ఎంజైమ్ పెరిగింది, అదీ నిజమే. అది కీళ్లనొప్పి సంగతి. బండి గుద్దిన కాలికి ఆ లెక్క పట్టుకొస్తే ఎలా? కుక్కలకు గంజాయి మందు ఒక్కదానికి కూడా అమెరికాలో మందులకు అనుమతి ఇచ్చే ఎఫ్‌డీఏ ఆమోదం ఇవ్వలేదు. సందులో దొరికే పొట్లంలో ఏది ఎంత ఉందో అమ్మినవాడికే తెలియదు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 1985 నాటి మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) కింద గంజాయి కిలో లోపు దొరికినా ఏడాది వరకు జైలు, 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పూత లేని ఉత్త ఆకు గంజాయి కిందికి రాదని చట్టంలోనే ఉంది. కానీ రాత్రిపూట పొట్లం పట్టుకున్న కానిస్టేబుల్‌కు ఆ పాయింటు వినిపించి చూడండి. 2024లో గంజాయి, మత్తుమందులు పట్టుకోవడానికి ఈగల్ అనే పోలీసు దళం పెట్టాక మన రాష్ట్రంలో తనిఖీలు ఇంకా గట్టిగా జరుగుతున్నాయి. కుక్క కోసం తెచ్చానంటే స్టేషన్‌లో నవ్వుతారు గానీ వదలరు.

అలాగని మెడికల్ షాపుకు పరిగెత్తి మనుషుల మాత్ర తేవొద్దు. మా వీధిలో అడగకుండానే సలహా ఇచ్చేవాళ్లలో సగం మంది ఆ రకమే. కుక్కకు ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ కడుపులో పుండ్లు చేసి కిడ్నీలను దెబ్బతీస్తాయి. పిల్లికి ఒక్క పారాసిటమాల్ మాత్ర చాలు ప్రాణం పోవడానికి. డైక్లోఫెనాక్ వేసిన పశువులు చనిపోతే వాటిని తిన్న రాబందులు కిడ్నీలు పాడై లక్షల్లో పోయాయి, 2006లో పశువులకు ఆ మందు ఆపేశారు. అయినా "మనిషికి పనిచేసింది కుక్కకు చేయదా" అనే మాట పోలేదు. కరియకు సెలైన్ ఎక్కాక వేసింది మెలోక్సికామ్ అనే నొప్పి సూది, బరువు చూసి లెక్కగట్టి. అడగాల్సింది అలాంటి మందు, అదీ డాక్టరును. డాక్టరు దొరికేదాకా చిన్న గదిలోనో అట్టపెట్టెలోనో కదలకుండా ఉంచండి, ఎత్తాల్సి వస్తే చెక్క పలక మీద ఎత్తండి, కాలు మీరు లాగి సరిచేయకండి. ఆపరేషన్ కావాల్సి రావచ్చు కాబట్టి అన్నం పెట్టకండి.

ఇంట్లో ఎవరైనా ఇప్పటికే పెట్టి ఉంటే, డాక్టరు అడిగేదాకా ఆగకుండా గుమ్మంలోనే చెప్పేయండి.

ఇక మీరు రాసిన ఆ నూనె. ఆన్‌లైన్‌లో కొన్నదైతే సీసా వెనక చదవండి. హెంప్ సీడ్ ఆయిల్ అని ఉంటే అది గంజాయి జాతి మొక్క గింజల నూనె. 2021లో మన దేశంలో తిండి నాణ్యత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ తిండి కింద ఒప్పుకున్న నూనె అదే. అందులో సీబీడీ ఉండీ లేనట్టే, మత్తూ రాదు, విరిగిన కాలి నొప్పీ తగ్గదు. దాన్ని నొప్పి మందులా బొమ్మలు వేసి అమ్ముతున్నారు. సీల్ తీయకపోతే వాపసు పంపి, ఆ డబ్బు ఎక్స్‌రేకు పెట్టండి.