డాక్టర్ సలహా: షుగరు, స్టెంటు ఉన్నవాళ్లు ముక్తినాథ్ యాత్రకు వెళ్లవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది నరసరావుపేట. నా వయసు 63. పన్నెండేళ్లుగా షుగరు, బీపీ ఉన్నాయి. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్రతో పాటు డాపాగ్లిఫ్లోజిన్, బీపీకి టెల్మిసార్టన్ వాడుతున్నాను. మావారికి 68 ఏళ్లు. రెండేళ్ల క్రితం గుండెకు స్టెంటు వేశారు. ఇప్పుడు ఇబ్బందేమీ లేదు. కార్తికమాసంలో నలభై మందిమి కలిసి ఒక నిర్వాహకుడి వెంట 16 రోజుల యాత్రకు వెళుతున్నాం. కాశీ, సారనాథ్, గయ, బోధ్‌గయ, కుశీనగర్, లుంబిని చూసుకుని, పోఖరా మీదుగా ముక్తినాథ్ వెళ్లి, ఖాట్మండులో పశుపతినాథుని దర్శనంతో యాత్ర ముగుస్తుంది. ముక్తినాథ్‌లో ఆక్సిజన్ అందదని పిల్లలు భయపడుతున్నారు. వెళ్లవచ్చా? అక్కడి 108 ధారల కింద స్నానం చేయవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: షుగరు, బీపీ అదుపులో ఉంటే మీరు వెళ్లవచ్చునమ్మా. మీవారి విషయంలో మాత్రం పరీక్షల ఫలితాలు చూడకుండా ఆ మాట అనలేను. ఆ సంగతి తరువాత చెబుతాను. పిల్లల భయమంతా ముక్తినాథ్ మీదే ఉంది కానీ, మీరు అంత ఎత్తున ఉండేది ఒకటి రెండు రోజులే. షుగరు ఉన్నవాళ్లు ఇటువంటి యాత్రల నుంచి జబ్బుతో తిరిగి వస్తే, నేను చూసినంతలో చాలాసార్లు అందుకు కారణం కొండ కాదు, అంతకుముందు పది రోజుల బస్సు ప్రయాణం. అందుకే ముందు దాని గురించి రాస్తున్నాను.

బస్సు ఎక్కడ ఆగుతుందో, ఆగినచోట మరుగుదొడ్డి ఉంటుందో ఉండదో తెలియక ఆడవాళ్లు తెల్లవారుజాము నుంచే నీళ్లు తాగడం మానేస్తారు. షుగరు ఉన్నవారిలో ఇలా చేస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్ రావడం సులువు. పైగా మీరు వాడుతున్న డాపాగ్లిఫ్లోజిన్ ఒంట్లోని చక్కెరను మూత్రం ద్వారా బయటికి పంపే మందు కాబట్టి, దానితో మూత్రం ఎక్కువగా పోతుంది, నీళ్లు తాగకపోతే శరీరం త్వరగా ఎండిపోతుంది, జననాంగాల దగ్గర ఫంగస్ ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం కూడా పెరుగుతుంది. ఈ 16 రోజులకు దీని బదులు వేరే మందు ఇవ్వగలరేమో మీ వైద్యుడిని అడగండి. మార్చినా మార్చకపోయినా రోజుకు రెండు లీటర్ల నీళ్లు తాగవలసిందే. రెండు గంటలకొకసారి బస్సు ఆపమని అడగడానికి మొహమాటపడకండి. మీరు అడిగితే మరో పదిమంది మీ వెనకే దిగుతారు. దిగినప్పుడు నాలుగడుగులు నడిస్తే గంటల తరబడి కూర్చోవడం వల్ల కాళ్ల రక్తనాళాల్లో గడ్డలు కట్టే ప్రమాదం కూడా తగ్గుతుంది.

గయలో పిండప్రదానం రోజు అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండవలసిన రోజు. ఫల్గుణీ నది, విష్ణుపాదం, అక్షయవటం, ఈ మూడు చోట్లా కార్యక్రమం పూర్తయ్యేసరికి మధ్యాహ్నం దాటుతుంది, అంతవరకూ మీ దంపతులు ఉపవాసం ఉంటారు. అలవాటు ప్రకారం ఉదయమే మాత్ర వేసుకుని ఖాళీ కడుపుతో కూర్చుంటే, అందులోని గ్లిమిపిరైడ్ వల్ల షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు. ఆ మాత్రను ఆ రోజు మొదటి భోజనంతోనే వేసుకోవాలి, డాపాగ్లిఫ్లోజిన్‌ను ఆ రోజుకు పూర్తిగా మానేయాలి. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, మాట తడబడటం కనిపిస్తే వెంటనే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగాలి, కాస్త తేరుకున్నాక ఏదైనా తినాలి. దీనివల్ల ఉపవాసం చెడిందని బాధపడవద్దు; పరిస్థితి చెబితే ఏ పురోహితుడూ కాదనరు. మిగతా రోజుల్లో కూడా వంటవాళ్లు వెంట వచ్చే బృందాల్లో ఫలహారం ఏడింటికి పెట్టినా భోజనం మూడింటికి గాని అందకపోవడం మామూలే కాబట్టి, వేయించిన శనగలో బిస్కెట్లో చేతిసంచిలో ఎప్పుడూ ఉంచుకోండి.

కాళ్ల గురించి కూడా కొంచెం వివరంగా చెప్పాలి. పన్నెండేళ్ల షుగరుతో అరికాళ్ల స్పర్శ తగ్గి ఉండవచ్చు, ఆ సంగతి మీకు తెలియకపోవచ్చు కూడా. కాశీ విశ్వనాథుని ప్రాంగణంలోనూ, బోధ్‌గయ మహాబోధి ఆలయంలోనూ, లుంబినిలో మాయాదేవి మందిరంలోనూ చెప్పులు బయట విడిచి రాతి నేల మీద చాలాసేపు నడవాలి. కొన్నేళ్ల క్రితం ఇటువంటి యాత్ర నుంచి తిరిగి వచ్చిన ఒకావిడ, మేజోడు మీద రక్తపు మరక ఎక్కడిదని అడగడానికి నా దగ్గరికి వచ్చారు. చూస్తే మడమ కింద రూపాయి బిళ్లంత బొబ్బ పగిలి చీము పట్టి ఉంది, ఆవిడకు నొప్పే తెలియలేదు. ఆ పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. చెప్పులు విడవవలసిన చోటల్లా మందపాటి నూలు మేజోళ్లతో నడవండి, రాత్రి పడుకోబోయే ముందు అరికాళ్లను మీవారిచేత చూపించుకోండి. కాలి మీద చిన్న గాయం ఉన్నా గంగలో దిగకుండా, చెంబుతో నీళ్లు తలపై పోసుకోవడం మంచిది.

ఇక ముక్తినాథ్. వైష్ణవులకు సాలగ్రామ క్షేత్రంగా, టిబెటన్ బౌద్ధులకు చుమిగ్ గ్యాత్సాగా పూజనీయమైన ఆ ఆలయం సుమారు 3,700 మీటర్ల ఎత్తున ఉంది. మన తిరుమల కొండ వెయ్యి మీటర్ల లోపే. అంత ఎత్తున గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గదు కానీ గాలి ఒత్తిడి తగ్గడం వల్ల మనకు అందేది సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే. శరీరం దానికి అలవాటు పడగలదు, అందుకు వ్యవధి కావాలి. పోఖరా ఎత్తు 800 మీటర్ల పైచిలుకు, ముక్తినాథ్ దారిలో ఉన్న జోమ్‌సోమ్ దాదాపు 2,700. పోఖరాలో బయలుదేరి జోమ్‌సోమ్‌లో ఒక రాత్రి పడుకుని, మర్నాడు పొద్దున పైకి వెళ్లి, దర్శనం చేసుకుని మళ్లీ కిందికి వచ్చేస్తే చాలామందికి ఇబ్బంది ఉండదు. పోఖరా నుంచి ఒకే రోజులో పైకి చేరి ఆ రాత్రి అక్కడే నిద్రచేసే ఏర్పాటు అయితే మార్చమని నిర్వాహకుడిని ఇప్పుడే అడగండి.

తలనొప్పి, వికారం, నీరసం కనిపిస్తే ఇంకా పైకి ఎక్కవద్దు. కదలకుండా కూర్చున్నా ఆయాసం వస్తున్నా, అడుగు తడబడుతున్నా, మాటలో పొంతన లేకపోయినా, అది రాత్రి అయినా సరే, వెంటనే కిందికి దిగి ఆస్పత్రికి చేరాలి. బృందంలో ఎవరో ఒకరు ఆక్సీమీటరు తెచ్చి అందరి వేళ్లకూ పెట్టి కంగారు పెడతారు; అంత ఎత్తున ఆరోగ్యవంతులకు కూడా రక్తంలో ఆక్సిజన్ 85–90 శాతం మధ్య చూపించడం సాధారణమే, కనుక అంకె కన్నా పైన చెప్పిన లక్షణాలను గమనించడం ముఖ్యం. ఎత్తు వల్ల వచ్చే ఈ ఇబ్బందులకు ముందుజాగ్రత్తగా వాడే ఎసిటజోలమైడ్ మాత్రలను పక్కవాళ్లు ఇచ్చారని వేసుకోకండి. దానితో మూత్రం ఎక్కువగా పోతుంది. సల్ఫా మందులు పడనివారికి, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి అది మంచిది కాదు. రక్తపరీక్షలో మీ క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపేది), పొటాషియం చూశాకే మీ వైద్యుడు నిర్ణయిస్తారు.

మీవారు రెండంతస్తుల మెట్లు ఆగకుండా, గుండెలో బిగువు గానీ ఆయాసం గానీ లేకుండా ఎక్కగలుగుతున్నారా? అలా ఎక్కగలిగినా యాత్రకు నెల ముందు 2డీ ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించి, కార్డియాలజిస్టు సరేనన్నాకే ముక్తినాథ్ వెళ్లాలి. వారు వద్దంటే ఆ రెండు రోజులూ ఆయన పోఖరాలో ఉండటం ఉత్తమం, తక్కిన యాత్రంతా మీతో చేయవచ్చు. రక్తం పలచబడే మాత్రలు ఒక్కరోజు కూడా ఆపకూడదు. నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ సూట్‌కేసులో కాదు, చొక్కా జేబులో ఉండాలి. ముక్తినాథ్ గుడి కింద ఉన్న రాణిపౌవా ఊరి నుంచి గుడి దాకా నడకా మెట్లూ ఉన్నాయి కాబట్టి గుర్రం దొరికితే మాట్లాడుకోవడమే మంచిది.

108 ధారల కింద స్నానం మీ ఇద్దరికీ వద్దనే నా సలహా. ఒళ్లు కొయ్యబారే ఆ నీళ్లు ఒక్కసారిగా మీద పడితే బీపీ పెరుగుతుంది, గుండె రక్తనాళాలు బిగుసుకుంటాయి. స్టెంటు ఉన్నవారికి అది నిజంగా ప్రమాదమే. ఒక్కొక్క ధార దగ్గరా చేతితో నీళ్లు పట్టి తలపై చల్లుకోండి. తడిబట్టలతో చలిగాలిలో నిలబడే బాధ కూడా తప్పుతుంది.

విరేచనాలు, వాంతులు పట్టుకుంటే షుగరు ఉన్నా ఓఆర్ఎస్ తాగవచ్చు, తాగాలి. తగ్గేదాకా మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్, టెల్మిసార్టన్ తాత్కాలికంగా ఆపవలసి రావచ్చు కనుక మీ వైద్యుడికి ఫోను చేసి చెప్పండి. మందులు ఐదారు రోజులకు అదనంగా తీసుకుని రెండు సంచుల్లో విడివిడిగా పెట్టుకోండి. మందుల చీటీ మీద బ్రాండు పేర్లతో పాటు అసలు మందు పేర్లు కూడా రాయించుకుంటే నేపాల్‌లో కొనవలసి వచ్చినా ఇబ్బంది ఉండదు. ఇక్కడి ఆరోగ్య బీమా అక్కడ చెల్లుతుందో లేదో ముందే కనుక్కుని, చెల్లకపోతే ఎత్తైన ప్రదేశాలకూ హెలికాప్టర్ తరలింపుకూ వర్తించే ప్రయాణ బీమా తీసుకోండి.