జూడో, కుస్తీ లాంటి ఆటలు నిజం గొడవలో పనికొస్తాయా?

ఎదుట ఒక్కడే ఉండి, వాడి చేతిలో ఏమీ లేకపోతే జూడో, కుస్తీ బాగానే పనికొస్తాయి. కారణం సాధన పద్ధతి. 1882లో జిగోరో కానో మొదలుపెట్టిన జూడోలో నిజంగా ఎదురు తిరిగే మనిషితోనే పట్టు పడతారు కాబట్టి టెన్షన్‌లోనూ ఒళ్లు తడబడడం తక్కువ. ఒంగోలు బస్టాండులో ఎవడైనా కాలర్ పట్టుకున్నాడనుకోండి, జూడో వచ్చినవాడు ఆ పట్టుతోనే వాడి బ్యాలెన్స్ తప్పించి పడేసి తప్పుకోగలడు. కాకపోతే అక్కడ మ్యాట్ ఉండదు, సిమెంటు నేల. తల తగిలితే ప్రాణం మీదికొస్తుంది. ఆటలో గుద్దులు నిషేధం గనుక బయట దండగని చాలామంది పొరబడతారు. గుద్దేవాణ్ణి దగ్గరగా వాటేసుకుంటే గుద్దుకు ఊపే ఉండదు. అసలు చిక్కు వేరు: కిందపడి పట్టు బిగించి కూర్చుంటే వాడి స్నేహితుడు వెనక నుంచి తంతాడు. కత్తి కనపడితే మాత్రం ఏ పట్టూ వద్దు, పరుగే.