రెండు సూదుల నుంచి ఒక్క కొక్కేనికి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది అనంతపురం. ఇరవై రెండేళ్లుగా ఊలు స్వెటర్లు అల్లుతున్నాను. మనవరాలు బెంగళూరులో ఉంటుంది, అక్కడి చలికని ఏటా ఒకటి అల్లి పంపుతాను. ఈసారి అల్లినదానికి ముందు గుండీల పక్క అంచులు లోపలికి చుట్టుకుపోతున్నాయి. మా కోడలిది నరసాపురం వైపు, కొక్కెం ఉన్న ఒక్క సూదితో అల్లే క్రోషే లేసు బాగా వచ్చు. "క్రోషేతో ఒక వరుస అంచు వేసేయండి అత్తయ్యా, అదే నిలబడుతుంది" అని చేసి చూపించింది. నేను చేస్తే పది కుట్లతో మొదలుపెట్టింది ఆరో వరుసకి ఐదుకి వచ్చి త్రికోణమైపోతోంది. పైగా సూది దూరనంత బిగుసుకుపోతోంది. ఇన్నేళ్లు అల్లి, ఇంత చిన్న కుట్టు రాకపోవడం బాధగా ఉంది మేడమ్.

జవాబు: బాధపడకండమ్మా. నేనూ ముందు నిట్టింగ్ (మీలా రెండు సూదుల అల్లిక) నేర్చుకుని, చాలా ఏళ్ల తర్వాత ఇక్కడ కర్నూలులో క్రోషే పట్టుకున్నదాన్నే. ఏమీ రానివాళ్లకంటే మనకే మొదటి వారం కష్టంగా ఉంటుంది, ఎందుకంటే మన చేతులకి వేరే అలవాటు ముందే పడిపోయింది. నిట్టింగ్‌లో వరుసలోని కుట్లన్నీ సూది మీదే ఉంటాయి, ఒకటి జారితే కిందిదాకా ఊడుతుందని మన ప్రాణం అక్కడే ఉంటుంది. క్రోషేలో సూది మీద ఉండేది ఒక్క లూపే. వెనక వేసిన కుట్లన్నీ ఎప్పటికప్పుడు ముడిపడిపోయాయి, అవి జారవు. ఫోన్ మోగితే ఆ ఒక్క లూపుని కాస్త పొడవుగా లాగి వదిలేసి వెళ్లొచ్చు. ఈ సంగతి చేతికి నమ్మకం కుదిరిందంటే సగం బిగింపు దానంతటదే పోతుంది.

మిగతా సగం బిగింపు ఎక్కడుందో చెప్తాను. మీ క్రోషే సూదిని ఒకసారి వెలుతురులో పెట్టి చూడండి. కొక్కెం కింద సన్నటి మెడ, ఆ తర్వాత లావుగా కాడ ఉంటుంది. సూది మీద 4 మి.మీ. అని రాసి ఉంటే ఆ కొలత కాడది, మెడది కాదు. మనం స్వెటర్ అల్లేటప్పుడు సూది కొనలోనే పని చేస్తాం కాబట్టి ఇక్కడా లూపుని మెడ దగ్గరే ఉంచి లాగేస్తాం, అందుకే తర్వాతి వరుసలో కొక్కెం దూరదు. ప్రతి లూపునీ కాడ మీదికి జరగనివ్వండి. కుట్టు పూర్తయ్యాక ఊలుని చివర్లో ఒకసారి గుంజే అలవాటు మనకుంటుంది కదా, అది మాత్రం పూర్తిగా మానేయాలి.

ఊలు ఏ చేత్తో పట్టాలన్నది ఇంకో చిక్కు. మీరు కుడిచేత్తో ఊలు చుట్టే పద్ధతిలో అల్లేవారైతే (మన దగ్గర చాలామంది అంతే) క్రోషేకి ఊలు ఎడమచేతికి మారాలి. చిటికెన వేలికి ఒక చుట్టు, అక్కడి నుంచి చూపుడు వేలి మీదుగా, ఆ వేలు కొంచెం పైకెత్తి. బొటనవేలు, మధ్యవేలు అల్లికని పట్టుకుంటాయి. కుడిచేతిలో సూదిని పెన్నులా పట్టుకున్నా, కూరగాయల కత్తిలా పట్టుకున్నా పర్వాలేదు, మీకు నొప్పి లేకుండా ఉన్నదే సరైనది. మొదటి రెండు రోజులు కుట్టు జోలికి పోకుండా ఉత్త గొలుసులే (సూది మీదున్న లూపులోంచి ఊలుని లాగుతూ పోయే కుట్లు) అల్లండి, మూరలకి మూరలు, విప్పండి, మళ్లీ అల్లండి. ఎడమ చూపుడు వేలు ఊలుని ఎంత వదలాలో నేర్చుకునేది అక్కడే. దీన్ని దాటేసినవాళ్లే తర్వాత ఎక్కువ ఇబ్బంది పడతారని నేను నేర్పినవాళ్లలో చూశాను.

ఇక కుట్టు. జారుముడి వేసి 16 గొలుసులు అల్లండి. జారుముడిని లెక్కించొద్దు, సూది మీదున్న లూపునీ లెక్కించొద్దు. కొక్కెం వైపు నుంచి రెండో గొలుసులో సూది దూర్చండి, ఊలుని వెనక నుంచి ముందుకి సూది మీదుగా వేసి ఆ గొలుసులోంచి బయటికి లాగండి. ఇప్పుడు సూది మీద రెండు లూపులున్నాయి. మళ్లీ ఊలు వేసి ఆ రెండింటిలోంచీ ఒక్కసారే లాగండి, ఒకటి మిగులుతుంది. సింగిల్ క్రోషే అంటే ఇంతే. చివరిదాకా వెళ్తే 15 కుట్లు రావాలి. గొలుసులోకి దూర్చే ఈ మొదటి వరుస అందరికీ చిరాకే, గొలుసు వరకు ఒక సైజు పెద్ద సూది వాడితే తేలికవుతుంది.

మీ త్రికోణానికి కారణం వరుస చివర్లలో ఉంది. వరుస అయ్యాక ఒక గొలుసు వేసి అల్లికని తిప్పుతారు. ఆ గొలుసు ఎత్తు కోసం, అది కుట్టు కాదు. తిప్పాక మొదటి కుట్టు పడాల్సింది అంచునే ఉన్న కుట్టులో, అంటే మీరు ఇందాక చివరగా వేసినదానిలోనే. అది గొలుసు పక్కన నక్కి ఉంటుంది కాబట్టి కన్ను దాన్ని వదిలేసి రెండోదానికి పోతుంది, అలా వరుసకొకటి తగ్గుతుంది. మీ లెక్క చూడండి, ఆరు వరుసల్లో సరిగ్గా ఐదు పోయాయి! దీనికి పిన్నీసుని మించిన మందు లేదు. ప్రతి వరుసలో మొదటి కుట్టు వేయగానే దాని తలకి ఒక పిన్నీసు పెట్టండి, తిరిగి వచ్చేటప్పుడు చివరి కుట్టు ఆ పిన్నీసు ఉన్నచోట పడాలి. పై నుంచి చూస్తే ప్రతి కుట్టుకీ జడపాయలాంటి రెండు పోగులు కనిపిస్తాయి, రెండింటి కిందుగా సూది దూర్చండి. ఒక్కదాని కింద దూర్చినా ఊడిపోదు కానీ గీతలు గీతలుగా కనబడుతుంది.

ప్రాక్టీసుకి లేత రంగు, నున్నటి, మధ్యరకం లావు ఊలు తీసుకోండి. నలుపు, ముదురు నీలం వద్దు, కుట్టు కనబడదు. కోడలి లేసు దారం, సన్న సూది కూడా ఇప్పుడే వద్దు. నరసాపురం లేసుకి 2024లో జీఐ (ఆ ప్రాంతపు ప్రత్యేక పని అని చెప్పే భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది, అంత గొప్ప పని అది, కానీ ఆ సన్నదనం మీద నేర్చుకోవడం మొదలుపెట్టడం కళ్లకి శిక్ష.

15 కుట్లు పది వరుసలు 15గానే నిలిస్తే స్వెటర్ మీదికి వెళ్లిపోండి. మంచివైపు మీకు కనిపించేలా పట్టుకుని, అంచు పోగు ఒక్కదానిలో కాకుండా ఒక కుట్టు లోపలికి సూది దూర్చి అదే సింగిల్ క్రోషే వేసుకుంటూ పోవాలి. బంద్ చేసిన అంచు (అల్లిక ముగించి కుట్లు మూసేసిన అంచు) మీద కుట్టుకి కుట్టు. పక్క అంచు మీద మాత్రం నాలుగు వరుసలకి మూడు కుట్ల లెక్కన, ఎందుకంటే స్వెటర్ వరుస ఎత్తు కుట్టు వెడల్పు కంటే తక్కువ. అంచు అలలుగా లేస్తే కుట్లు ఎక్కువైనట్టు, ముడుచుకుంటే తక్కువైనట్టు. మూలలో ఒకేచోట మూడు వేయండి. ఒక్క వరుసతో ఆగితే మళ్లీ కొంచెం చుట్టుకోవచ్చు, రెండు మూడు వేయండి. స్వెటర్ మెడకి మాత్రం తొందరపడొద్దమ్మా. ఈ కుట్టు రిబ్ అల్లికలా (నిలువు చారలుగా ఉండి సాగే అల్లిక) సాగదు, మెడ దగ్గర బిగుతుగా ఉండొచ్చు. గుండీల పక్కకే వేసి చూడండి.

ప్రశ్న: ఆదోని నుంచి రాస్తున్నాను. వీడియోలో సింగిల్ క్రోషే అన్నారు, నా దగ్గరున్న పాత ఇంగ్లీషు పుస్తకంలో ఆ పేరే లేదు, డబుల్ క్రోషే నుంచి మొదలవుతుంది. ఏది నమ్మాలి?

జవాబు: రెండూ నిజమే. అమెరికా వాళ్లు సింగిల్ అనేదాన్నే బ్రిటన్ వాళ్లు డబుల్ అంటారు. అమెరికా డబుల్ బ్రిటన్‌లో ట్రెబుల్. మీ పుస్తకం బ్రిటన్ పద్ధతిది. డిజైన్ మొదలుపెట్టే ముందు అందులో సింగిల్ అనే మాట ఎక్కడైనా ఉందా చూడండి, ఉంటే అమెరికా లెక్క. ఇది చూసుకోకపోతే బొమ్మ టోపీ అనుకున్నది పెద్దవాళ్ల టోపీ అవుతుంది, ఊలు కూడా చాలదు.

ప్రశ్న: కడపలో ఈ ఎండలకి ఊలు పట్టుకుంటేనే చేతులు చెమట పడుతున్నాయి అక్కా, సూది జారట్లేదు. వానలు పడేదాకా ఆగాలా?

జవాబు: ఆగొద్దు, కాటన్ దారానికి మారు. నిట్టింగ్‌లో కాటన్ సాగదని మనం దూరం పెడతాం కానీ క్రోషేకి అది బాగా కుదురుతుంది, కుట్టు కూడా స్పష్టంగా కనబడుతుంది. మధ్యరకం లావుది తీసుకుని 3.5 లేదా 4 మి.మీ. స్టీలు, అల్యూమినియం సూదితో మొదలుపెట్టు, చెమట చేతుల్లో ప్లాస్టిక్ సూది మీద దారం పట్టేస్తుంది. నీకు మొదటి పనిగా గిన్నెలు దించుకునే చదరపు గుడ్డ చెప్తాను: 31 గొలుసులు, 30 కుట్లు, నలుచదరంగా అయ్యేదాకా అల్లుకుంటూ పో, రెండు పొరలుగా మడిచి వాడుకో. అక్రిలిక్ ఊలుతో మాత్రం అది చేయొద్దు, వేడిగిన్నె తగిలితే కరుగుతుంది.