రొయ్యల గుంట గట్టు మీద కూర్చుని బ్లాగు రాయొచ్చా?

ప్రశ్న: సార్, మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం. బీఎస్సీ జువాలజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. నాన్న మూడెకరాల్లో రొయ్యలు పెంచుతారు. ఎనిమిదో తరగతి నుంచి నాకు డైరీ రాసే అలవాటుంది. సొంతంగా ఒక బ్లాగు పెట్టుకోవాలని ఉంది. నాన్నేమో "ఏందమ్మే, దాంతో ఉద్యోగం వస్తాదా? ఫోను పట్టుకొని కూర్చోడానికి ఇదొక సాకు" అంటున్నారు. బ్లాగుతో డబ్బులొస్తాయా? తెలుగులో రాయాలా, ఇంగ్లిషులోనా? అందరూ రీల్స్ చూసే రోజుల్లో ఎవరు చదువుతారు? ఎలా మొదలుపెట్టాలో చెప్పండి.

జవాబు: అమ్మా, ముందు మీ నాన్నగారి మాటకు జవాబు చెప్తాను. ఇంట్లో ఒప్పుకోకపోతే మిగతా సలహాలన్నీ దండగే కదా. ఆయన అన్నదాంట్లో సగం నిజం. బ్లాగు చూసి ఎవరూ పిలిచి ఉద్యోగం ఇవ్వరు. కానీ రేపు ఏ హేచరీలోనో (రొయ్య పిల్లల్ని ఉత్పత్తి చేసే చోట), మేత కంపెనీలోనో, పత్రికలోనో ఇంటర్వ్యూకు కూర్చున్నప్పుడు "నీకేం వచ్చు?" అని అడుగుతారు. అందరూ సర్టిఫికెట్లు చూపిస్తారు. రెండేళ్లపాటు గుంట దగ్గర ఏం చూశావో తేదీలతో సహా రాసిపెట్టిన పేజీలు నీ చేతిలో ఉంటాయి. ఆ తేడా ఎంతో, ఇంటర్వ్యూ బోర్డుల్లో కూర్చున్నవాడిగా నాకు తెలుసు.

డబ్బు సంగతి తొందరగా తేల్చేద్దాం. గూగుల్ యాడ్‌సెన్స్ తెలుగు పేజీలకు కూడా ప్రకటనలు ఇస్తుంది. 18 ఏళ్లు నిండి ఉండాలి. ఖాతాలో 10 డాలర్లు చేరాక, అడ్రస్ సరైనదో కాదో చూసుకోవడానికి పోస్టులో ఒక పిన్ పంపిస్తారు. 100 డాలర్లు నిండితేగానీ బ్యాంకులో పడవు. రోజుకు యాభై మంది చదివే తెలుగు బ్లాగుకు ఆ 100 నిండేలోపు మీ నాన్నగారు ఎన్ని పంటలు తీస్తారో లెక్క కట్టలేను. మొదటి ఏడాది ఆదాయం గడిలో సున్నా రాసుకో. ఖర్చు గడిలోనూ సున్నాయే ఉండాలి. "బ్లాగింగ్‌తో నెలకు లక్ష" అని కోర్సులు అమ్మేవాళ్ల జోలికి పోవద్దు. వాళ్ల లక్ష వచ్చేది బ్లాగు నుంచి కాదు, నీలాంటి వాళ్లు కట్టే ఫీజు నుంచి.

ఇక అసలు విషయం, ఏం రాయాలన్నది. ఇక్కడ నా సొంత బోల్తా ఒకటి చెప్పాలి. 2009లో నేనూ ఒక బ్లాగు పెట్టాను. అప్పుడు తెలుగు బ్లాగర్లు పోస్టును "టపా" అనేవాళ్లు, అందరి టపాలను ఒకేచోట చూపించే కూడలి లాంటి సంకలినుల్లో మన టపా కనిపిస్తే పండగే. నెల రోజులు రోజుకొకటి రాశాను. సమయపాలన, లక్ష్యసాధన, ఆత్మవిశ్వాసం... ఒక్కరూ చదవలేదు. చదవకపోవడమే న్యాయం, నాకే ఇప్పుడు చదవబుద్ధి కాదు. విసుగొచ్చి ఒకరోజు, మా తమ్ముడి సర్టిఫికెట్లో ఇంటిపేరు తప్పు పడితే దిద్దించడానికి ఆఫీసుల చుట్టూ తిరిగిన తిరుగుడంతా రాసిపడేశాను. ఏ కాగితానికి ఎన్ని జిరాక్సులు, ఏ కౌంటర్ దగ్గర ఎవరు రేపు రమ్మన్నారు, అన్నీ. రెండేళ్ల తర్వాత కూడా దాని కిందే ప్రశ్నలు వస్తుండేవి. ఆత్మవిశ్వాసం గురించి రాయడానికి వెయ్యిమంది ఉన్నారు, ఆ తిరుగుడు తిరిగింది నేనొక్కణ్ణే.

నీకు ఆ వెతుకులాట కూడా లేదు. నీ విషయం మీ ఇంటి వెనకే ఉంది. కాకపోతే ఒక ప్రమాదం ఉంది. డిగ్రీ పిల్లలు రొయ్యల గురించి రాయమంటే "మన రాష్ట్ర ఆర్థిక వ్యవస్థలో ఆక్వా రంగం కీలక పాత్ర పోషిస్తోంది" అని మొదలుపెడతారు. ఆ వాక్యం దగ్గరే చదివేవాళ్లు వెళ్లిపోతారు. దానికి బదులు ఇలా మొదలుపెట్టి చూడు: "రాత్రి రెండున్నరకు కరెంటు పోయింది. నాన్న చెప్పులు కూడా వేసుకోకుండా గుంట కాడికి పరిగెత్తారు."

ఎందుకు పరిగెత్తారో తర్వాత చెప్పు. పగలు నీళ్లలోని నాచు ఎండకు ఆక్సిజన్ తయారు చేస్తుంది, రాత్రి అదే నాచు రొయ్యలతో పాటు ఆక్సిజన్ వాడుకుంటుంది, అందుకే తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే రొయ్యలు పైకి తేలి గట్టు వారకు చేరతాయి. జనరేటర్ వెంటనే అందుకోకపోతే తెల్లారేసరికి పంట పోతుంది. క్లాసులో నువ్వు చదివిన కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియ మొత్తం ఆ ఒక్క రాత్రిలో ఉన్నాయి. నీ జువాలజీ ఎక్కడ ఉపయోగపడుతుందో ఇప్పుడు అర్థమైందా?

అలాగే చెక్ ట్రే మీద ఒక టపా. మేత వేసిన గంటకో రెండు గంటలకో ట్రే పైకి లేపి, మేత మిగిలిందా లేదా చూసి, తర్వాతి మేత పెంచాలో తగ్గించాలో మీ నాన్నగారు నిర్ణయిస్తారు కదా. ట్రే ఫొటో ఒకటి, ఆయన అన్న మాట ఒకటి, మూడు పేరాలు చాలు. "కౌంట్" మీద ఇంకొకటి రాయొచ్చు. 100 కౌంట్ అంటే కిలోకు వంద, ఒక్కో రొయ్య సుమారు 10 గ్రాములు. 50 కౌంట్ అంటే 20 గ్రాములు. మైపాడు బీచికి వచ్చి రొయ్యల వేపుడు తినిపోయేవాళ్లలో చాలామందికి ఈ లెక్క తెలియదు. ఇంకా రెండు వారాలు ఆగాలా, ఇప్పుడే పట్టేయాలా అని ఇంట్లో జరిగే వాదన కూడా దానికి జోడిస్తే ఎవరైనా చదువుతారు.

ఒక్క హద్దు మాత్రం దాటొద్దు. "ఈ మందు ఎకరానికి ఇంత వేయండి" అని రాయకు. నువ్వు టెక్నీషియన్‌వి కాదు. నిషేధించిన యాంటీబయాటిక్ అవశేషాలు దొరికితే ఎగుమతి సరుకు వెనక్కి వస్తుంది, నష్టం ఊరందరికీ. "మా గుంటలో ఇలా జరిగింది, మేం ఇలా చేశాం" అనేదాకా నీ హక్కు. అంతకుమించిన అనుమానం వస్తే ముత్తుకూరులో మత్స్య కళాశాల ఉంది, అక్కడి అధ్యాపకులను అడిగి, వాళ్లు చెప్పారని రాయి.

భాష గురించి నా మాట: తెలుగే. ఇంగ్లిషులో రొయ్యల సాగు గురించి కావలసినంత సమాచారం ఉంది. గట్టు మీద నిలబడి తెలుగులో చెప్పేవాళ్లు తక్కువ. మీ ఇంట్లో "గుంట" అంటే గుంట అనే రాయి, "చెరువు" అని మార్చకు. అయితే నాలుగు తెలుగు టపాలకు ఒకటి ఇంగ్లిషులో కూడా రాస్తుండు, ఉద్యోగానికి పనికొస్తుంది. తప్పులున్నా సరే నువ్వే రాయి. ఏఐతో రాయిస్తే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతావు. అక్షరదోషాలు చూపించమని అడగడం వరకు తప్పులేదు.

టైపింగుకు భయపడక్కర్లేదు. ఫోనులో గూగుల్ కీబోర్డు జీబోర్డ్ ఉంటే చాలు, నోటితో చెప్పినా తెలుగులో రాస్తుంది, తర్వాత దిద్దుకోవాలి అంతే. ఒక్క జాగ్రత్త: ఊళ్లో డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టించొద్దు. అది ఫోన్లూ వెబ్‌సైట్లూ అన్నీ గుర్తుపట్టే యూనికోడ్ కాదు, బ్లాగులో పెడితే పిచ్చి అక్షరాలు వస్తాయి. ముప్పై పేజీలు అలా కొట్టించి, డబ్బులిచ్చి, మళ్లీ మొత్తం నేనే టైపు చేసుకున్నాను.

గూగుల్ వాళ్ల బ్లాగర్ సైట్‌లో గూగుల్ అకౌంట్‌తో ఉచితంగా మొదలుపెట్టు. వర్డ్‌ప్రెస్ కూడా మంచిదే గానీ నీకు ఇప్పుడు అన్ని హంగులు అనవసరం. రంగులు, డిజైన్ల మీద ఒక్క సాయంత్రం కంటే ఎక్కువ పెట్టకు. పేరు మాత్రం ఆలోచించి పెట్టు. "నా భావాలు", "మనసు పలికే" లాంటివి వద్దు. "గుంట గట్టు" అని పెడితే ఎలా ఉంటుందో చూడు, నచ్చకపోతే వదిలెయ్. సొంత డొమైన్, అంటే బ్లాగుకు సొంత వెబ్ అడ్రస్, ఏడాది తర్వాత కొనుక్కోవచ్చు. కొంటే మాత్రం రోజూ చూసే మెయిల్ ఐడీతోనే కొను. నా రెన్యువల్ మెయిళ్లన్నీ నేను వాడని ఐడీకి పోయాయి, గడువు దాటింది, నా డొమైన్ పేరు ఇంకెవరో తీసుకున్నారు. మూడు నెలలకోసారి బ్లాగర్ సెట్టింగ్స్‌లో బ్యాకప్ దించుకో. రెండేళ్లు ముట్టుకోని అకౌంట్లను గూగుల్ తీసేయొచ్చు.

ఇప్పుడు ఎక్కువమంది చేసే తప్పు చెప్తాను. బ్లాగు తెరిచిన వారంలో ఐదు టపాలు, తర్వాత పరీక్షలు, తర్వాత పెళ్లిళ్లు, ఆ తర్వాత "చాలా రోజుల తర్వాత మళ్లీ మీ ముందుకు" అని ఒక టపా, అంతటితో సమాప్తం. నువ్వు ఐదు టపాలు రాసి పక్కన పెట్టుకున్నాకే బ్లాగు తెరువు. రెండు వారాలకొకటి వదులు. సెమిస్టర్ పరీక్షలప్పుడు ఆ నిల్వ ఆదుకుంటుంది. చదివేవాళ్లు పది మందే అయినా టెన్షన్ పడొద్దు. రీల్ చూసినవాళ్లు మర్నాడు మర్చిపోతారు, నీ చెక్ ట్రే టపా మూడేళ్ల తర్వాత కూడా వెతికేవాళ్లకు దొరుకుతుంది. శీర్షికలో వాళ్లు వెతికే మాట ఉంటే చాలు. "ఒక ట్రే కథ" అనకుండా "చెక్ ట్రే చూసి మేత ఎలా తగ్గిస్తారు" అని పెట్టు.

డైరీ రాసే అలవాటుంది అన్నావు, అందుకే ఇది చెప్తున్నాను. డైరీలో రాసేవన్నీ బ్లాగులో రాసేవి కావు. మేత షాపులో మీకున్న బాకీ, పక్క గుంటవాళ్లతో నీళ్ల గొడవ, గుంట కాపలా మనిషి తాగుడు, ఇవి నీ ఒక్కదాని విషయాలు కావు. ఎవరి ఫొటో పెట్టినా అడిగి పెట్టు. ఫోన్ నంబరు, ఇంటి అడ్రస్ ఎక్కడా వద్దు. ఊరికి పోతున్న సంగతి తిరిగొచ్చాక రాయి. గూగుల్‌లో దొరికిన ఫొటోలు తీసి పెట్టకు, అవి వేరేవాళ్ల సొత్తు, పైగా నీ ఫోన్‌లో తీసిన మసక ఫొటోకే విలువ ఎక్కువ.

మీ నాన్నగారిని ఒప్పించే పని మాటలతో అయ్యేది కాదు. ఈ ఆదివారం ఆయనతో పాటు గుంట దగ్గరికి పోయి, ట్రే లేపినప్పుడు ఆయన ఏం చూస్తున్నారో అడిగి రాసుకో. రాసింది రాత్రి భోజనాలప్పుడు ఆయనకే చదివి వినిపించు. "అట్టా కాదు, ఆడ తప్పు రాసినావు" అని ఆయన దిద్దడం మొదలుపెడితే, దిద్దినవన్నీ ఎక్కించి, మిగతా నాలుగు టపాలు కూడా అలాగే తయారు చేసుకుని నాకు లింకు పంపు.