తాత పట్టా, చౌడు మిద్దె

ప్రశ్న: ఆరెకరాల ఇరవై గుంటలు ఇంకా తాత పేరు మీదే ఉంది. ఆయన, నాయినమ్మ, మా నాన్న ముగ్గురూ కాలం చేశారు. ముగ్గురు మేనత్తలకు కట్నాలిచ్చి పెళ్లిళ్లు చేశారు. నా ఒక్కడి పేరు మీద విరాసత్ (వారసత్వంగా పట్టా మార్పిడి) చేయించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, హాలియా

జవాబు: కుదరదు. చేయించిపెడతానని ఏ పైరవీకారు వచ్చినా నమ్మకండి. కట్నం ఇచ్చినంత మాత్రాన ఆడబిడ్డ వాటా పోదు. తాత సొంతంగా కొన్న పొలమై, వీలునామా రాయకుండా పోతే 1956 హిందూ వారసత్వ చట్టం కింద కొడుక్కీ కూతుళ్లకూ సమాన వాటాలే. పిత్రార్జితమైనా 2005 సవరణతో కూతురికి పుట్టుకతోనే హక్కు వచ్చింది. అప్పటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చేసింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టర్డ్ దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో పంపకాలై ఉంటే మాత్రం లెక్క వేరు.

మీకున్నది 260 గుంటలు. నాలుగు వాటాలు చేస్తే తలా 65, అంటే ఎకరం పాతిక గుంటలు. మీ నాన్న వాటా కూడా మీ ఒక్కరిదే కాదు; మీ అమ్మకూ, అక్కచెల్లెళ్లుంటే వాళ్లకూ అందులో సమాన భాగం. అమ్మలే చాలాసార్లు ‘నాకెందుకు బిడ్డా’ అంటారు. అన్నా సరే, పేరు ఎక్కించండి.

ముందు తహసీల్ ఆఫీసులో 1954–55 ఖాస్రా పహాణీ (అప్పటి హక్కు, సాగు వివరాల రికార్డు), సేత్వార్ (సర్వే నంబర్ల మూల విస్తీర్ణ రికార్డు) నకళ్లు తీసుకుని ప్రభుత్వ భూ రికార్డుల పోర్టల్ భూభారతిలో కనిపించే విస్తీర్ణంతో సరిచూడండి. బై నంబర్లన్నీ (సర్వే నంబరును విడగొట్టిన భాగాలు) కూడితే సర్వే నంబరు మొత్తాన్ని మించిపోతుంటే ఫైలు అక్కడే ఆగుతుంది. తాత మరణాన్ని అప్పట్లో పంచాయతీలో రాయించకపోతే, ఏడాది దాటింది కాబట్టి ఆర్డీఓ ఉత్తర్వు కావాలి. అసలు ఆలస్యమంతా దీనితోనే. కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి. ఒకచోట ఎల్లమ్మ, ఇంకోచోట యల్లమ్మ అని ఉంటే దరఖాస్తు వెనక్కి వస్తుంది.

మేనత్తలు వాటా వద్దనుకుంటే తెల్లకాగితం మీద వేలిముద్రలు చెల్లవు. హక్కు విడుదల దస్తావేజు రిజిస్టర్ చేయించాలి. వ్యవసాయ భూమికి ఆ పని తహసీల్ ఆఫీసులోనే జరుగుతుంది.

పంచుకునేటప్పుడు కొట్లాట వచ్చేది గుంటల దగ్గర కాదు, బాట దగ్గర, నీళ్ల దగ్గర. సాగర్ ఎడమ కాలువ కింద పొలమైతే ప్రతి వాటా తూము వైపు గట్టును తాకేలా నిలువునా చీల్చండి. అడ్డంగా కోస్తే చివరి మడికి నీళ్లు పైవాళ్లు వదిలితేనే. బండి బాట ఎన్ని అడుగులు, బోరు వంతు ఎవరికి ఏ రోజు, కరెంటు సర్వీసు ఎవరి పేరు మీద అన్నవి దస్తావేజులోనే రాయించండి.

ప్రశ్న: మాది రాతి గోడల చౌడు మిద్దె (పైకప్పు మీద చౌడు మట్టి పరిచిన ఇల్లు). గోడ కింద మూడడుగులు సిమెంటు పూయిస్తే రెండేళ్లకే పెచ్చులూడుతోంది. మట్టి మీదే స్లాబు వేయమంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, ఆత్మకూరు, వనపర్తి జిల్లా

జవాబు: మట్టి అడుసుతో రాళ్లు పేర్చి కట్టిన గోడ నేలలోని తేమను పీల్చి బయటికి వదులుతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తే తేమతో పాటు వచ్చిన ఉప్పు పూత వెనకే గట్టిపడి దాన్ని తోసేస్తుంది. మళ్లీ సిమెంటే పూస్తే చెమ్మ ఇంకా పైకెక్కుతుంది. చెమ్మ గీతకు ఒక అడుగు పైదాకా పూత తీసేసి, గోడను ఎండాకాలమంతా ఆరనివ్వండి. రెండు వారాలైనా నీళ్లలో నానిన సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు కలిపి రెండు పూతలు వేయించండి. ఏ పూతా అరంగుళం దాటకూడదు. వారం రోజులు తడి ఆరనివ్వొద్దు. ఎండకు ఒక్కసారిగా ఆరితే బీటలిస్తుంది.

స్లాబు మాట మరిచిపోండి. నాలుగంగుళాల కాంక్రీటు చదరపు అడుగుకు సుమారు 23 కిలోలు. పన్నెండు బై పది గది మీద రెండున్నర టన్నులకు పైనే పడుతుంది. ఇప్పటికే చౌడు మోస్తున్న దూలాలు అంత బరువు ఆపలేవు. మృగశిరకు ముందే పాత చౌడు కొంత తీసి, కొత్తది పరిచి, వాలు వాన నీళ్లు బయటికి పోయే గూన వైపు ఉండేలా దిమ్మిసతో కొట్టించండి. దూలాల కొనలు గోడలో కూర్చున్న చోట మేకుతో పొడిచి చూడండి. చెద ముందు పట్టేది అక్కడే.

ఇల్లు గ్రామకంఠంలో (ఊరి ఇళ్ల స్థలంలో) ఉంటే పాసుబుక్కు ఉండదు. ఇంటిపన్ను రసీదులు, పంచాయతీ డిమాండు రిజిస్టరులో పేరు, ఇవే ఆధారం. ఆ పేరు ఇంకా మీ నాన్నదే అయితే ఇప్పుడే మార్పించండి.

ప్రశ్న: నాన్నకొచ్చిన లావణి పట్టా (పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూమి) రెండెకరాలు అమ్ముకోవచ్చా?
– ఒక పాఠకుడు, అచ్చంపేట

జవాబు: అమ్మకూడదు. 1977 అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ప్రకారం ఆ అమ్మకం చెల్లదు, ప్రభుత్వం భూమిని వెనక్కి తీసుకోవచ్చు. వారసులుగా మీ పేర్లు మాత్రం ఎక్కించుకోవచ్చు.